ముందు చందా - వెనుక సరకు
(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మీ కార్యదర్శిగారు మాకు ఒప్పగించిన ప్రశ్న చూచుటకు చిన్నది. ఒక క్రొత్త ఉపకరణమును చేసి యిత్తుమని ప్రకటించి, వేలకొలది జనులయొద్ద ముందుగనే సొమ్ము గైకొని, తుదకు సరకు నీయజాలక మూతపడు కంపెనీలు ఇన్ని యేల? అమెరికాలో బలిసిన యీ పద్ధతికి క్రౌడ్‌ఫండింగ్ అని పేరు. మన పట్టణములందలి యువకులును ఫోనునందు ఆ ప్రకటనలు చూచుచున్నారు. వారిలో కొందఱు డాలర్లు పంపుదమా యని తలపోయుచున్నారు. మఱికొందఱు తామే యట్టి కంపెనీ నొకదానిని స్థాపింపవలెనని ఉబలాటపడుచున్నారు. కావున కథ పరదేశపుదైనను జవాబుతో మనకును పని గలదు.

చందా లెత్తుట లోకమున క్రొత్త కాదు. న్యూయార్కు రేవున నిలుపవలసిన స్వేచ్ఛాప్రతిమకు పీఠము కట్టుటకై సొమ్ము చాలకపోగా, 1885వ సంవత్సరమున జోసెఫ్ పులిట్జరు తన 'వరల్డు' పత్రికలో జనులను యాచించెను. లక్షమందికి పైగా చందాలు పంపిరి. వారిలో పెక్కుమంది యిచ్చినది ఒక డాలరునకు మించదు. ఐనను లక్ష డాలర్లకు పైగా కూడెను, పీఠము లేచెను. మన దేశమున 1906లో హైదరాబాదునందు స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలియు చందాదారుల ప్రాపుననే చరిత్రలను శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించెను. ఆ గ్రంథములు మీ బీరువాలలో నుండియుండును.

ఈ రెంటియందును ఒక సంగతి గమనింపదగియున్నది. పీఠమునకు చందా యిచ్చినవాడు తన యింటికొక పీఠము రావలెనని కోరలేదు. గ్రంథమాలకు చందా కట్టినవానికి పుస్తకము రావలసినదే. కాని పుస్తకమునకు ఎంత యగునో ముద్రాపకుడు ముందే యెఱుగును. కాగిత మింత, కూర్పు కూలి యింత, కుట్టుబడి యింత. వేయి ప్రతులకు మాఱుగా పదివేలు కావలసివచ్చెనా, ప్రతి యొకటికి తగులు ఖర్చు తగ్గునే కాని పెరుగదు. పుస్తకములకు చెల్లు ఈ లెక్కను యంత్రములకును చెల్లునని నమ్మి చెడినవారి సంగతియే మేమిప్పుడు చెప్పబోవుచున్నాము.

2009లో న్యూయార్కునందు కిక్‌స్టార్టర్ అను సంస్థ పుట్టెను. దాని పద్ధతి సులభము. వస్తువు కల్పించిన వాడు తన ఆలోచనను ఒక చిన్న చలనచిత్రముగా చూపి, తనకింత సొమ్ము కావలయునని గుఱి యొకటి ప్రకటించును. గడువులోపల ఆ గుఱి నిండినచో సొమ్ము వానికి చేరును. నిండనిచో ఎవ్వరి జేబునుండియు కాసైనను కదలదు. నిండిన సొమ్ములో సంస్థ నూటికి 5 వంతులు తీసికొనును. సొమ్ము మార్పిడి చేయువారి రుసుము వేఱు. పాటకులు, చిత్రకారులు, గ్రంథకర్తలు దీనివలన మేలు పొందిరి. వారితో మాకు పేచీ లేదు. చిక్కంతయు ప్లాస్టిక్కు, బ్యాటరీ, మోటారు, తీగలు గల వస్తువులతోనే వచ్చినది.

ఐసుపెట్టె కథను కొంచెము విస్తరించి చెప్పనిండు. తక్కిన కథలన్నియు దాదాపు దానియందే యిమిడియున్నవి.

ఆరిగాను రాష్ట్రమందలి పోర్ట్‌లాండునకు చెందిన ర్యాన్ గ్రెపర్ అను నాతడు వనభోజనములకు తీసికొనిపోదగిన ఐసుపెట్టె నొకదానిని కల్పించెను. దానిలో ఐసుముక్కలను నూఱు మిక్సీ, పాటలు వినిపించు బ్లూటూత్ పెట్టె, ఫోనుకు విద్యుత్తు నెక్కించు అమరిక, లోపల దీపము, క్రింద చక్రములు. దానికి 'కూలెస్ట్' అని పేరు పెట్టెను. 2013 చివర చలికాలమున 1,25,000 డాలర్లు కావలెనని చందాకు పోగా గుఱి నిండలేదు. ఆతడు విసుగు చెందక, 2014 వేసవిలో మఱల వచ్చెను. ఈమాఱు గుఱి 50,000 డాలర్లు మాత్రమే! వేసవిలో ఐసుపెట్టెకు గిరాకి యెక్కువ, గుఱియు చిన్నది. 62,642 మంది కలిసి 1 కోటి 32 లక్షల డాలర్లకు పైగా గుమ్మరించిరి. అంతవరకు కిక్‌స్టార్టరులో అంత సొమ్ము ఎవ్వరికిని రాలేదు. పత్రికలు ఆహా యనినవి. 2015 ఫిబ్రవరికి పెట్టెలు అందఱి యిండ్లకు చేరునని వాగ్దానము.

ఇచ్చట నొక్క నిమిషము ఆగుదము. ఆ వస్తువును చేయుటకు నిజముగా ఎంత కావలెను? మొదట 1,25,000 అని చెప్పినవాడు తరువాత 50,000 అని యేల చెప్పెను? పెట్టెలో మోటారు తగ్గెనా, చక్రము తగ్గెనా? లేదు. గుఱి చిన్నదైనచో త్వరగా నిండును; త్వరగా నిండినదానిని చూచి జనులు మఱింత గుమిగూడుదురు. అనగా గుఱి యనునది ఖర్చు లెక్క కట్టి వేసిన అంకె కాదు. సంతలో తోరణము వంటిది. ఇది గ్రెపరొక్కని యలవాటు కాదు. ఆ సంతయందలి దుకాణముల కన్నింటికిని సామాన్యమైన యలవాటే.

తరువాతి కథ మీరు ఊహింపగలరు. ఫిబ్రవరి గడచెను, వేసవి వచ్చెను. మిక్సీకి తగిన మోటారు చేయు కార్ఖానాలో పనివారు సమ్మె కట్టిరి. కొన్నివేల పెట్టెలు పంపబడినవి, సొమ్ము అడుగంటెను. చందాదారులలో అధికభాగము పెట్టెకు 185 డాలర్ల చొప్పున ఇచ్చినవారు. వారింకను ఎదురుచూచుచుండగనే అదే పెట్టె అమెజాన్ దుకాణమున 400, 500 డాలర్లకు అమ్మకమునకు వచ్చెను! చందాదారుల కోపము మీకు తెలియగలదు. కంపెనీ చెప్పిన సమాధాన మేమనగా, అట్లమ్మిన లాభముతోనే మీ పెట్టెలు చేయవలసియున్నదని. 2016లో, త్వరగా కావలెననువారు ఇంకను 97 డాలర్లు కట్టుడని కోరిరి. 2017లో ఆరిగాను రాష్ట్రపు న్యాయశాఖ కలుగజేసికొని యొడంబడిక చేయించెను. 2019 డిసెంబరున, చైనా సరకుపై హెచ్చిన సుంకములను కారణముగా చూపి కంపెనీ మూతపడెను. సుమారు 20,000 మందికి పెట్టె రానేలేదు.

ముందుగా సొమ్మిచ్చినవాడు వెనుకకును, నేడు దుకాణమున కొన్నవాడు ముందునకును పోవుట చూచువారికి అన్యాయముగా తోచును. అన్యాయమే, కాని ఆ స్థితిలోనున్న కంపెనీకి వేఱు దారి యేది? చందాదారుని డాలరు వచ్చిన నాడే వ్యయమైపోయినది. వానికి పంపు ప్రతి పెట్టెయు కంపెనీకి నష్టమే. దుకాణమున కొనువానికి పంపు పెట్టె లాభము. ఊపిరి నిలుపుకొనవలెనన్నచో రెండవవానికే ముందు పంపవలెను. దుర్బుద్ధి లేకయే లెక్కయే ఆ దుర్మార్గమునకు ఈడ్చుకొనిపోవును.

ఇప్పుడు మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వత్తుము. చందాగా వచ్చిన సొమ్ము మూలధనము కాదు, అది ఋణము. వ్యాపారమున వాటా పెట్టినవాడు నష్టమందును పాలుపంచుకొనును. బ్యాంకువాడు రూపాయి యిచ్చి రూపాయి, దానిపై వడ్డియు అడుగును. చందాదారు డడుగునది రూపాయి కాదు, వస్తువు. ఆ వస్తువునకు ఎంత పడునో ఇచ్చువానికి తెలియదు, పుచ్చుకొనువానికిని తెలియదు. వెల నిర్ణయమైన తరువాత ఖర్చు తెలియును. లోకమున తక్కిన వర్తకులందఱును ఖర్చు తెలిసికొని వెల వేయుదురు.

గ్రెపరు లెక్కయందు పెట్టె యొకటికి 10 డాలర్లు తప్పినదనుకొనుడు. మాటవరుసకు చెప్పుచున్నాము. 50,000 డాలర్ల గుఱి మాత్రమే నిండియున్నచో, 185 చొప్పున 270 పెట్టెలు చేయవలసియుండెడిది. తప్పు 2,700 డాలర్లు. తండ్రి నడిగియో, అప్పు తెచ్చియో పూడ్చుకొనవచ్చును. 62,642 పెట్టెలపై ఆ పది డాలర్ల తప్పే 6 లక్షల 26 వేల డాలర్లగును. పది కాక యేబదియైనచో? జనులు కరతాళధ్వనులు చేయుచు వచ్చి చేరినకొలది గొయ్యి లోతగుచున్నది. లోకము దానిని జయమని పిలిచెను.

మా మాట నమ్మనక్కఱలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వ్యాపారశాస్త్రము బోధించు ఈథన్ మాలిక్ అను పండితుడు 2014లో ప్రకటించిన పరిశోధనమున, వస్తువు లిత్తుమనినవారిలో నూటికి 75 మందికి పైగా గడువు తప్పినవారేయని తేల్చెను. చేరిన సొమ్ము హెచ్చినకొలది ఆలస్యమును హెచ్చుననియు చెప్పెను. 2015లో ఆయనయే చందాదారులను విచారించి, నూటికి 9 ఉద్యమములు వాగ్దానము చేసిన ప్రతిఫలమును బొత్తిగా ఈయలేదని చూపెను. నూటికి తొమ్మిదియేనా యని కొందఱు సంతోషింతురు. ఆ లెక్కలో పాటలు, పుస్తకములు, చిత్రములు అన్నియు కలిసియున్నవని మఱవరాదు.

ఖర్చు ముందుగా ఏల తెలియదని మీరడుగుదురు. ఒక్క నమూనా చేసినవాడు ఆ లెక్కను వేయితో గుణించుకొనరాదా? కూడదు. ఇందులోనే కిటుకంతయు నున్నది. నమూనాను చేయువాడు చేతితో చేయును. కోయును, అతికించును, రాపిడి పెట్టును. పొసగనిచోట వేలితో సరిచేయును. ఈ కాలమున త్రీడీ ప్రింటరు వచ్చి ఆ పనిని మఱింత సులభము చేసినది. 2023లో హైదరాబాదున తెరువబడిన టీ-వర్క్స్ వంటి కర్మశాలలో కొద్దివారములలో చూడముచ్చటయైన నమూనా చేయవచ్చును. అది మనకు లభించిన మంచి సదుపాయమే. కాని వేలసంఖ్యలో చేయవలెనన్నచో ఉక్కు అచ్చు కావలయును. కార్ఖానాలవారు దానిని మోల్డు అందురు. వస్తువునందలి ప్రతి ప్లాస్టిక్కు భాగమునకు ఒక్కొక్క మోల్డు. దానిని చెక్కుటకు వారములు, నెలలు పట్టును. సొమ్ము వేలకొలది డాలర్లు, పెద్దదైన మఱి ఎక్కువ. కరిగిన ప్లాస్టిక్కు చల్లారునపుడు ముడుచుకొనును, వంకరపోవును. మూత పెట్టెకు వెండ్రుకవాసి తేడాలో కూర్చొనదు. అంతట ఉక్కును మఱల చెక్కవలెను. నమూనాయం దున్న అందమైన వంపు అచ్చునుండి ఊడిరాదు. కావున వంపును మార్చవలెను. వంపు మారెనా, లోపలి బ్యాటరీకి చోటు చాలదు. ఇట్లొకదానిని సవరించిన మఱొకటి కదలును. ఇంటికి నీరు పట్టని గోడలు కట్టుట ఎఱిగిన మేస్త్రి ఒక్కడు చాలును గాని, ఇటువంటి పనికి పది చేతులు కావలెను. ఆ పది చేతులలో ఆరు పరదేశమున, చైనాలోని షెంజెన్ ప్రాంతమున నుండుట కద్దు.

అచ్చులు కుదిరిన తరువాత కార్ఖానా పంక్తి. వేలు మాత్రమే కోరు చిన్న కంపెనీ లక్షలు కోరు పెద్ద కంపెనీల వెనుక నిలువవలెను. ఒక చిన్న చిప్పు దొరకకున్నచో మొత్తము నిలిచిపోవును. నూఱు భాగములలో తొంబదితొమ్మిది గోదాములోనున్నను పంపుటకు వస్తువు లేదు. లిథియము బ్యాటరీ గల సరకును విమానమున నెక్కించుటకు నిబంధనలు వేఱు. ప్రతి దేశమున రేడియో తరంగముల పరీక్ష వేఱు. చెడి తిరిగివచ్చువాని ఖర్చు నెవ్వరును తలపరు. వీనినెల్ల ఒక్కొక్కదానిగా వివరించి మిమ్ము విసిగింపము. చలనచిత్రమున ఇవియేవియు కానరావని మాత్రము గ్రహింపుడు. అందున్నది సముద్రతీరము, నవ్వు మొగములు.

కిక్‌స్టార్టరువారికిని ఇది కొంత తెలిసినది. 2012 సెప్టెంబరులో తాము దుకాణము కామని ప్రకటించి, యంత్రములకు బొమ్మగీసిన ఊహాచిత్రములు చూపరాదని నిషేధించిరి. నిజముగా నేటివరకు తయారైన నమూనానే చూపవలెనని నియమము. మంచిదే. కాని నమూనా నిజమైనను వేయవది నిజము కాజాలదని పైన చూచితిమి. వస్తువు రాకున్నచో సొమ్ము తిరిగి యిచ్చు పూచీ సంస్థ వహింపదు. నూటికి 5 వంతులు మాత్రము ముందే ముట్టును. బేరము కుదిర్చిన దలాలి సరకు చేరినను చేరకున్నను తన దలాలి తాను తినుట మన అంగళ్లలోను కలదు. ఐతే మన దలాలిని మఱునాడు వీథిలో పట్టుకొనవచ్చును.

వేల్సు దేశమున పెంబ్రోకుషైరునందు టార్క్వింగ్ గ్రూపు అను కంపెనీ 'జానో' యను డ్రోనును ప్రకటించెను. అరచేతిలో ఇమిడి, తనంతట తానే యజమాని వెంట ఎగురుచు, అడ్డము తప్పించుకొనుచు ఫొటోలు తీయునట. 1,25,000 పౌనుల గుఱికి 2015 జనవరినాటికి 12,075 మంది 23 లక్షల పౌనులకు పైగా ఇచ్చిరి. ఆ సంవత్సరము నవంబరులో కంపెనీ దివాలా తీసెను. చేరినవి కొన్నివందల డ్రోనులు మాత్రమే. అవియు చెప్పినట్లు ఎగురలేదు. చందాదారుల గగ్గోలు విని కిక్‌స్టార్టరువారే మార్క్ హ్యారిస్ అను పత్రికారచయితను నియోగించి విచారింపజేసిరి. 2016 జనవరిలో ఆతడు ప్రకటించిన దీర్ఘనివేదిక చదువదగినది. సొమ్ము దోచుకొనుటకై పన్నిన పన్నాగము కాదనియు, అంత పనికి కావలసిన సాంకేతిక సామర్థ్యము గాని వ్యాపార సామర్థ్యము గాని వారికి లేవనియు దాని సారాంశము.

ఇది మాకు దొంగతనముకన్న దుస్సహముగా తోచుచున్నది. దొంగను శిక్షింపవచ్చును. మోసగాండ్రు ఈ సంతలో లేరని కాదు; కాని కథలన్నిటిని మోసముక్రిందనే కొట్టివేయువారు సోమరితనమున అట్లు చేయుచున్నారు. రాత్రింబవళ్లు పనిచేసి, ఇల్లు కుదువపెట్టి, తుదకు వేలమందిచేత దొంగయని పిలిపించుకొనిన కల్పకుని దుఃఖము వారికి పట్టదు. చందాదారుని మూర్ఖుడని పరిహసించుటయు అట్టిదే. తనకు పరిచయము లేని యువకుని ఆలోచనను నమ్మి కష్టార్జితమును పంపినవాడు మూర్ఖుడా? ధనికులు తలుపు తెరువనిచోట సామాన్యులు తెరచిరి. ఆ నమ్మికయే నష్టపోవుచున్నది. ఒకమాఱు పెట్టె రానివాడు మఱొక కల్పకునకు చందా యీడు. ఆ రెండవవాడు సమర్థుడే కావచ్చును.

సమర్థుడు లేకపోలేదు. ఎరిక్ మిజికోవ్‌స్కీ అను కెనడా యువకుడు 'పెబుల్' అను చేతిగడియారమునకై 2012లో లక్ష డాలర్లు కోరగా, 68,929 మంది కోటి డాలర్లకు పైగా ఇచ్చిరి. అంతకుముందే ఆతడు బ్లాక్‌బెర్రీ ఫోనులకు తోడగు గడియార మొకటి చేసి అమ్మి, చేతులు కాల్చుకొని నేర్చినవాడు. ఆతడు చేసిన యొక పనిని మేము మెచ్చుకొనుచున్నాము. 85,000 గడియారములు కాగానే, గడువింకను మిగిలియుండగనే, ఇక చాలునని చందా ఆపివేసెను. ఇంతకంటె చేయలేనని చెప్పు స్వాతంత్ర్యము ఆ సంతలో ప్రతివానికిని కలదు. ఎన్ని వస్తువుల కైనను హద్దు పెట్టుకొనవచ్చును. గ్రెపరు పెట్టుకొనలేదు. సొమ్ము కురియుచుండగా గొడుగు పట్టుట ఎంత కష్టమో మనమిచట కూర్చుండి చెప్పలేము. పెబుల్ గడియారములును నెలల ఆలస్యముతోనే, 2012 సెప్టెంబరుకు బదులు 2013 జనవరినుండి బయలుదేరినవి, కాని చేరినవి.

అట్టి పెబుల్ సైతము నిలువలేదు. 2015లో రెండవమాఱు 2 కోట్ల డాలర్లకు పైగా చందా వచ్చెను. చందాదారు డొకమాఱు గడియారము కొనినవాడు మరుసటి సంవత్సరము మఱల కొనడు. చందాలు నిండుటనుబట్టి దుకాణములందును అంతే గిరాకి యుండునని తలచి సరకు సిద్ధము చేయగా, ఆ సంవత్సరపు అమ్మకములు అనుకొనినంత లేక సరకు నిలిచిపోయెను. ఆపిల్ కంపెనీ గడియారమును ఆ యేడే బజారునకు వచ్చెను. 2016 డిసెంబరులో పెబుల్ మూతపడి, దాని సాఫ్టువేరును ఉద్యోగులలో కొందఱును ఫిట్‌బిట్ కంపెనీకి చేరిరి. మూడవమాఱు చందా కట్టి వస్తువు రానివారికి సొమ్ము తిరిగి యీయబడెను. ఈ యొక్క సంగతి వ్రాసికొనదగినది. ఇటువంటి మూతలలో అది అరుదు.

మిజికోవ్‌స్కీ 2025లో మఱల గడియారములు చేయ మొదలిడెను. పాత సాఫ్టువేరును గూగుల్ కంపెనీ ఆ సంవత్సరము జనవరిలో అందఱికిని విడిచిపెట్టుట ఆతనికి కలిసివచ్చెను. ఈమాఱు ఆతడు కిక్‌స్టార్టరునకు పోలేదు, పెట్టుబడిదారులను పిలువలేదు. కొద్దిమంది పనివారిని మాత్రము పెట్టుకొని, మొదటి గడియారమును పాత పెబుల్ 2ను పోలినదానినే, పరిమితసంఖ్యలో చేయుదునని చెప్పి, 149 డాలర్ల వెల పెట్టెను.